పగ ఒకరిది, చేయి మరొకరిది



మన ఇండ్లలో పెండ్లిమాట స్థిరపడిన నాటి వేడుకను ఒక్కమారు మనస్సునకు తెచ్చుకొనుడు. చాపలమీద ఇరుపక్షముల పెద్దలు కూర్చుందురు. నడుమ ఇత్తడి పళ్లెములో తమలపాకులు, పసుపుకొమ్ములు, అరటిపండ్లు, వాని ప్రక్కన నాలుగు పోకచెక్కలు. ఆ పళ్లెము ఒకరి చేతినుండి మరొకరి చేతికి మారిన క్షణముననే మాట స్థిరమైనట్లు. తాంబూలము పుచ్చుకొన్నవాడు ఇక వెనుకకు పోరాదు. మా అక్కకు సంబంధము కుదిరిననాడు మా నాయనగారు ఉత్తరీయము సవరించుకొని ఆ పళ్లెమునకు రెండు చేతులు చాచినప్పుడు ఆయన వ్రేళ్లు సన్నగా వణకుట నేను చూచితిని. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. ఎందుకు వణకినవో అప్పుడు తెలియలేదు.

ఆ పోకచెక్కకే హిందీలోను మరాఠీలోను సుపారీ యని పేరు. ఆ మాటయే నేడు మన పత్రికలలోను, పోలీసు ఠాణాలలోను, చివరకు మన వీధి అరుగులమీదను, డబ్బు పుచ్చుకొని మనిషిని చంపుటకు పేరై కూర్చున్నది. పూర్వము రాజసభలలో కఠినమైన కార్యము తటస్థించినప్పుడు తాంబూలపు బీడాను సభ నడుమ ఉంచి, దీనిని ఎత్తగలవాడెవడని అడుగుట ఆచారము. 1659లో శివాజీని పట్టి తెచ్చుటకై బిజాపూరు దర్బారులో అఫ్జల్ ఖాను అట్టి బీడా నెత్తెనని మహారాష్ట్రులు ఇప్పటికిని చెప్పుకొందురు. ఆ బీడా నెత్తినవాడు పదిమంది చూచుచుండగా, తన పేరుతో, తన ముఖముతో ఎత్తెను. నేడు సుపారీ పుచ్చుకొనువాడు ముఖము దాచుకొని పుచ్చుకొనును. ఇచ్చువాడును ముఖము దాచుకొనియే ఇచ్చును. ఈ ముఖము అను మాటను, శ్రోతలారా, దయచేసి జ్ఞాపక ముంచుకొనుడు. దాని యొద్దకు మరల మరల రావలసియుండును.

ఈ దినము నేను మాటాడదలచినది కిరాయి హంతకుని మనస్సును గూర్చి. వాడెట్టివాడు? తనకు ఏ అపకారమును చేయని మనుష్యుని, అంతకు మునుపెన్నడును చూడని మనుష్యుని, వాడెట్లు చంపగలుగుచున్నాడు?

కిరాయి హంతకుడనగానే మన కన్నుల యెదుట సినిమా బొమ్మ నిలుచును. నల్లకళ్లద్దములు, మేడమీది కిటికీ, పొడవైన తుపాకి, పని ముగిసిన వెంటనే ఎక్కి పోవుటకు విమానము. ఆ బొమ్మను మొదట చెరిపివేయుదము. ఇంగ్లండులో బర్మింగ్‌హాం సిటీ విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ విల్సన్ అను అపరాధశాస్త్రజ్ఞుడు తన సహచరులతో కూడి, 1974 మొదలు 2013 వరకు బ్రిటనులో బయటపడిన కిరాయి హత్యలను పరిశీలించి 2014లో ఒక వ్యాసము ప్రకటించెను. ఆ వ్యాసములో మేడలు లేవు, విమానములు లేవు. కుక్కను షికారు త్రిప్పుచున్నవాడు కాలిబాట మీదనే చంపబడెను. అంగడికి పోయి వచ్చుచున్నవాడు తన పేటలోనే చంపబడెను. చంపినవారిలో చాలమంది ఆ చుట్టుప్రక్కల వారే. కొందరు ఈ పనికి క్రొత్తవారు. కొందరు అప్పులపాలై, ఏమియు తోచక ఒప్పుకొన్నవారు. కొందరు నేరములలో నలిగిన అనుభవజ్ఞులు. ఇక నిజముగా ఆరితేరినవానిని గూర్చి ఆయనకు దొరికినది బహు స్వల్పము, ఏలయన అట్టివాడు దొరకడు గనుక.

ఆ హంతకులు పుచ్చుకొన్న కిరాయి సగటున పదునైదువేల పౌండ్లు. ఆ అంకెను మీరు మరచినను నాకు చింత లేదు. ఇంకొక అంకెను మాత్రము మరువకుడు. అన్నిటికంటె తక్కువ కిరాయి రెండువందల పౌండ్లు. ఆనాటి మారకమున మన డబ్బులో సుమారు పదునాలుగు వేల రూపాయలు. దానిని పుచ్చుకొన్నవాడు పదునైదేండ్ల బాలుడు. 2010లో లండను నగరములో ఒక ఇంటి తలుపు తట్టి, తలుపు తీసిన యువతిని, ఆమె ఎవరో ఎరుగకయే, తుపాకితో కాల్చెను. పోలీసులకు ఆ బాలుని జాడ చాల దినములు తెలియలేదు. స్నేహితుని యొద్ద వాడు గొప్పలు చెప్పుకొనుటచే విషయము పొక్కినది. ఆలోచింపుడు. పని రహస్యముగా చేసిన పిల్లవాడు దానిని రహస్యముగా ఉంచుకొనలేకపోయెను. వానికి కావలసినది రెండువందల పౌండ్లేనా? తనయీడువాడు ఒకడు తనవంక బెదరుతో, గౌరవముతో చూడవలెనను కోరిక ఆ డబ్బుకంటె పెద్దదై ఉండెనని నా నమ్మకము. ఇంటిలోను బడిలోను ఎవరి లెక్కలోను లేని కుర్రవానికి, నీవల్ల ఒక పని కావలెనని ఎవడైన చెప్పినచో, ఆ పని యెట్టిదైనను వానికి అది పట్టాభిషేకమువలె తోచును.

ఇది క్రొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. మన కౌటిల్యుడు అర్థశాస్త్రములో గూఢపురుషులను గూర్చి చెప్పుచు ఇద్దరిని వేరుచేసి చూపెను. ఒకడు తీక్ష్ణుడు, అనగా కత్తితో చంపువాడు. మరొకడు రసదుడు, అనగా విషము పెట్టువాడు. తీక్ష్ణుని ఎట్టివారిలోనుండి ఏరుకొనవలెను? దేశములో శూరులై, తమ ప్రాణముమీద తమకే ఆశ లేక, డబ్బుకోసము ఏనుగుతోనైన క్రూరమృగముతోనైన పోరుటకు దిగువారినుండి. రసదుని ఎట్టివారిలోనుండి? బంధువులయందు స్నేహములేనివారై, క్రూరులై, సోమరులైనవారినుండి. ఈ రెండు లక్షణములను నేను మొదటిసారి చదివినప్పుడు పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. తన ప్రాణమునకే విలువ కట్టుకొననివాడు ఇతరుల ప్రాణమునకు విలువ కట్టడు. తనవారితోనే బంధము తెగినవానికి పరాయివారితో బంధ మెక్కడిది? ఇక సోమరితనము! క్రౌర్యము ప్రక్కన సోమరితనమును కూర్చుండబెట్టుటలో కౌటిల్యుడు చూపిన లోకజ్ఞానము అపూర్వము. కష్టపడి పదేండ్లలో సంపాదింపవలసినదానిని ఒక్క సాయంకాలములో సంపాదింపవలెనను తొందర ఎందరిని ఈ దారి పట్టించినదో మన జిల్లా పత్రికల నేరవార్తలు చదువువారు ఎరుగుదురు.

అయితే లక్షణములు చెప్పినంతమాత్రమున మనస్సు తెలియదు. మనస్సును దగ్గరగా చూచుటకు మిమ్ములను కొంచెము దూరము తీసికొనిపోయెదను.

అమెరికాలో న్యూయార్కు నగరము. అందులో బ్రూక్లిన్ అను భాగము. బ్రూక్లిన్‌లో బ్రౌన్స్‌విల్ అను పేదల పేట. అచ్చట సారటోగా, లివోనియా అను రెండు వీధులు కలియు మూలలో, తలమీదుగా రైళ్లు పరుగెత్తు ఇనుపవంతెన ప్రక్కన, ఒక చిన్న మిఠాయి కొట్టు. రాత్రియు పగలును మూయబడని కొట్టు. మిడ్‌నైట్ రోజ్ కొట్టు అని పిలిచెడివారు. పిల్లలు అణాకాసు తెచ్చి చాక్లెట్లు కొనుక్కొని పోవు చోటు అది. ఆ కొట్టులోనే, 1930 తరువాతి పదేండ్లలో, కొందరు యువకులు కుర్చీలలో జారగిలబడి టెలిఫోను మ్రోగుటకై వేచియుండెడివారు. టెలిఫోను మ్రోగినచో ఎక్కడనో ఒక మనుష్యుని ఆయువు మూడినట్లు. తరువాత పత్రికలు ఆ ముఠాకు పెట్టిన పేరు మర్డర్ ఇన్‌కార్పొరేటెడ్, మన మాటలో హత్యల కంపెనీ.

కంపెనీ యను మాట ఊరక పెట్టినది కాదు. అచ్చట పని పంచబడెడిది. ఒకడు కారు దొంగిలించును. మరొకడు చంపవలసిన మనిషిని దూరమునుండి చూపించి తప్పుకొనును. వేరొకడు చంపును. ఇంకొకడు కారు నడుపును. పరాయి ఊరి పని పడినచో ఇచ్చటివానిని అచ్చటికి పంపుదురు. వానికి ఆ మనిషి పేరు సరిగా తెలియదు. ఎందుకో అసలే తెలియదు. హత్య జరిగినచోట పోలీసువారు మొదట వెదకునది పగ. చంపినవానికి పగయే లేదు. పగయున్నవాడు ఆ సమయమున మరొక ఊరిలో, పదిమంది నడుమ, భోజనము చేయుచుండును. పగ ఒకరిది, చేయి మరొకరిది. ఈ వ్యాపారమునకు ప్రాణము ఇదియే.

ఆ కొట్టులోని యువకులలో ఒకడు ఏబ్ రెలిస్. పొట్టివాడు, బలిష్ఠుడు, పేటలో అందరికిని భయము పుట్టించినవాడు. 1940లో ఒక పాత హత్యకేసులో పట్టుబడెను. విద్యుత్కుర్చీ వానికి కనబడినది. గర్భవతియైన వాని భార్య ఒక గుడ్‌ఫ్రైడే నాడు ప్రాసిక్యూటరు కార్యాలయమునకు వచ్చి, తన భర్త మాటాడగోరుచున్నాడని చెప్పెను. మాటాడుట మొదలుపెట్టినవాడు దినముల తరబడి ఆపలేదు. ఊర్లు, తేదీలు, ఎవరు ఏ కారు తెచ్చిరి, ఎవరు ఏ తలుపు ప్రక్కన నిలిచిరి, అంతయు చెప్పెను. వ్రాసికొనువారికి ఇరువదియైదు నోటుపుస్తకములు నిండినవి.

ఆ కార్యాలయములో బర్టన్ టర్కస్ అను ప్రాసిక్యూటరు ఉండెను. ఒక్కొక్క హత్యను పచారీ లెక్క చెప్పినట్లు చెప్పుచున్న రెలిస్‌ను చూచి ఆయన ఆగలేక అడిగెను, మనుష్యులను ఇట్లు చంపుటకు నీకు మనస్సెట్లు ఒప్పినదని. రెలిస్ ఎదురుప్రశ్న వేసెను. మీరు మొట్టమొదటి కేసు వాదించుటకు కోర్టులో నిలుచున్ననాడు మీకెట్లుండెను అని. కంగారుపడితినని టర్కస్ ఒప్పుకొనెను. రెండవ కేసుకో? కొంత నయమనెను. ఆ తరువాతనో? అలవాటైనదనెను. ఇదియు అంతేనని రెలిస్ తేల్చివేసెను.

శ్రోతలారా, ఈ సంభాషణను టర్కస్ తన గ్రంథములో వ్రాసిపెట్టెను. నేను దీనిని చాలమారులు తలపోసితిని. రెలిస్ చెప్పినదానిలో నిజము కలదు. చేసి చేసి అలవాటు చేసికొనలేని పని లోకములో లేదు. అయితే వాడు చెప్పక దాచినది అంతకంటె పెద్దది. అలవాటైనవాడు మరచిపోవును గదా! మీరు నిన్నటి ఉదయము ఏ చెప్పు ముందుగా తొడిగికొంటిరో మీకు జ్ఞాపకమున్నదా? రెలిస్‌కు అంతయు జ్ఞాపకమున్నది. ఇరువదియైదు నోటుపుస్తకముల జ్ఞాపకము. ఏ సందు, ఏ తలుపు, ఏ రాత్రి, ఒక్కటియు చెరగలేదు. కనుక వాని మనస్సు మొద్దుబారినది కాదు. అన్నిటిని చూచినది, అన్నిటిని దాచినది. అనుభూతికి పోవు ద్వారమును మాత్రము మూసికొన్నది.

ఆ ద్వారమును ఎట్లు మూయుదురు? దీనికి మరొకడు సమాధానము చెప్పెను. మిషిగన్ రాష్ట్రపు చెరసాలలో కెన్ లెవీ అను సామాజికశాస్త్రజ్ఞుడు ఒక కిరాయి హంతకునితో చాలసార్లు మాటాడి 1981లో ఒక వ్యాసము ప్రకటించెను. అసలు పేరు దాచి వానిని పీట్ అని పిలిచెను. పీట్ తన మొదటి హత్యను గూర్చి చెప్పినది విని లెవీ ప్రత్యేకముగా వ్రాసికొనెను. చావబోవుచున్నవాడు తలయెత్తి చూచెను. ఆ చూపు పీట్‌ను వదలలేదు. అటుపిమ్మట వాడు నేర్చుకొన్న విద్య ఒక్కటే: ముఖము చూడకుండుట. ఎదుటనున్నది మనిషి కాదు, గురి. చేతిలోనున్నది పని. డబ్బు ఎంత, దారి ఎటు, సమయమెప్పుడు, ఇవియే ఆలోచింపవలెను. కన్నులు మాత్రము ఎదుటివాని కన్నులను తాకరాదు.

జ్ఞాపకముంచుకొనుమని నేను మొదట కోరిన ముఖము ఇదియే. కిరాయి హంతకునికి కన్నులు లేక కాదు, కన్నులు త్రిప్పుకొనుట నేర్చెను గనుక చంపుచున్నాడు. పుట్టుకతోనే కరుణ యెరుగనివారు లోకములో కొందరుందురు. మనోవైద్యులు వారిని గూర్చి పెద్ద గ్రంథములు వ్రాసిరి. ఈ వృత్తిలో అట్టివారును కలరు. కాని అందరును అట్టివారే యనుకొనుట మనకు మనము చెప్పుకొను ఓదార్పు. వాడు రాక్షసుడు, నేను మనిషిని అని గీత గీసికొని నిదురపోవుట సులభము. ఆ మొదటి చూపు పీట్‌ను వెంటాడినదనగా, ఆ చూపు నాటుకొనుటకు వానిలో మెత్తని చోటు ఒకటి ఉండెనన్నమాట.

భాష కూడ ఈ కన్నుల త్రిప్పుటకు తోడ్పడును. బ్రౌన్స్‌విల్ యువకులు చంపుట యను మాట వాడలేదు, కాంట్రాక్టు అనిరి. మనవైపు ఈ లోకములో మెలగువారి మాటలు మీరును వినియే యుందురు. స్కెచ్ వేసినాము, రెక్కీ చేసినాము, డీల్ కుదిరినది, అడ్వాన్సు అందినది, పార్టీని లేపేయవలెను, పని అయిపోయినది. ఇందులో చావు ఎక్కడ? మనిషి ఎక్కడ? ఇల్లు కట్టు మేస్త్రీకిని బోరు వేయువానికిని ఇవే మాటలు చెల్లును. ఎవని నోటినుండియైన ఈ మాటలు విన్నప్పుడు ఆ నోటివెనుక ఒక భయము దాగియున్నదని నాకు తోచును. నిజమైన పేరు పెట్టి పిలిచినచో చేయి ఆడదేమోనను భయము.

ఇచ్చట ఒక ప్రయోగమును మీకు చెప్పవలెను. 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున స్టాన్లీ మిల్‌గ్రాం అను మనశ్శాస్త్రజ్ఞుడు సామాన్యులను పిలిపించెను. గుమాస్తాలు, పనివారు, ఉద్యోగులు, అనగా మనవంటివారు. ప్రక్కగదిలోనున్న మనిషి తప్పు సమాధానము చెప్పినప్పుడెల్ల మీట నొక్కి అతనికి కరెంటు షాకు ఇయ్యవలెను. తప్పు తప్పునకు షాకు పెంచవలెను. నిజమునకు కరెంటు లేదు, ప్రక్కగదిలోనివాడు నటించుచున్నాడు. మీట నొక్కువారికి మాత్రము ఆ సంగతి తెలియదు. నలువదిమందిలో ఇరువదియారుగురు, ప్రక్కగదిలోనివాడు గోడను బాదుచున్నను, బాదుట మాని నిశ్శబ్దమైనను, కడవరకు నొక్కిరి. ఇది చాలమందికి తెలిసిన కథ. అంతగా తెలియనివి ఇంకొక రెండున్నవి. షాకు తినువానిని అదే గదిలో కూర్చుండబెట్టి, అతని చేతిని తమ చేతితో పట్టి పలకమీద అదుమవలెనని చెప్పినప్పుడు, కడవరకు పోయినవారు నలువదిమందిలో పన్నెండుగురే. దీనికి తలక్రిందులుగా మరొకటి చేసిరి. మీట నొక్కు పనిని మరొకనికి అప్పగించి, వీరికి ప్రశ్న చదువుటవంటి ప్రక్కపని ఇచ్చిరి. అప్పుడు నలువదిమందిలో ముప్పదియేడుగురు కడవరకు కూర్చుండిరి.

మరల చెప్పుచున్నాను, రేడియోలో వెనుకకు త్రిప్పి చదువుకొనుటకు వీలులేదు గనుక. చేయి చేతికి తగిలినప్పుడు పన్నెండుగురు. చేయి మరొకరిదైనప్పుడు ముప్పదియేడుగురు.

సుపారీ యనగా ఇదియే గదా! పగయున్నవాడు నేను కత్తి పట్టలేదనును. కత్తి పట్టినవాడు నాకు పగ లేదనును. నడుమ డబ్బు మోసినవాడు నేను మాట చేరవేసితిని, అంతకుమించి నాకు తెలియదనును. దూరమునుండి మనిషిని చూపించినవాడు నేను వ్రేలు మాత్రమే చూపితిననును. ఒక్కొక్కరియొద్ద పాపము కొంచెము కొంచెము. చచ్చినవాని చావు మాత్రము పూర్తిగా ఒక్కటే.

డబ్బు పాత్ర ఏమిటని మీరడుగుదురు. డబ్బే కారణమని అందరును చెప్పుదురు. నేను కొంచెము వేరుగా చెప్పెదను. డబ్బు ఆకలి తీర్చును, అప్పు తీర్చును, నిజమే. అయితే ఈ వృత్తిలో డబ్బు మరొక పని చేయును. మనిషిని ఎందుకు చంపితివని తన మనస్సే తన్ను అడుగును. పగ లేదు, కోపము లేదు, మతము లేదు, దేశము లేదు, ఏమి చెప్పవలెను? అప్పుడు డబ్బు సమాధానమై ఆదుకొనును. కూలి పుచ్చుకొంటిని, పని చేసితిని. శస్త్రచికిత్సకు ముందు మత్తు ఇచ్చినట్లు, చంపుటకు ముందు అడ్వాన్సు ఇత్తురు. ఆ మత్తు లేనిచో చాలమంది చేతులు ఆ లండను బాలుని వయస్సులోనే వణకి నిలిచిపోయెడివేమో! మా నాయనగారి వ్రేళ్లు తాంబూలము అందుకొనుటకు వణకినవంటిని. కూతురు బ్రతుకును మరొకరి చేతిలో పెట్టుచున్నానను ఎరుక ఆ వణకులో ఉండెను. ఆ ఎరుకను చంపుటకే ఈ సుపారీలో నోట్లకట్టలు.

ఇక ఇచ్చువానిని గూర్చి. మనమందరమును చంపినవాని ముఖమును పత్రికలో చూచి అసహ్యించుకొని, చంపించినవానిని సగము మరచిపోవుదుము. ఆస్ట్రేలియా దేశపు అపరాధశాస్త్ర సంస్థ 2003లో ప్రకటించిన పరిశీలనలో కిరాయి హత్యలకు అన్నిటికంటె తరచుగా కనబడిన కారణము తెగిపోయిన దాంపత్యము, చెడిన ప్రేమ. ముఠాలు కావు, మత్తుపదార్థములు కావు. ఒకే కంచములో తినినవారు, ఒకే పడకమీద పండినవారు. పరాయివానికి డబ్బిచ్చి తనవానిని చంపించుట!

మన నేలమీద జరిగినదానిని చెప్పక తప్పదు. 2018 సెప్టెంబరు 14వ తేదీన మిర్యాలగూడలో, గర్భవతియైన భార్యను ఆసుపత్రిలో చూపించుకొని, భార్యతోను తల్లితోను కలిసి వెలుపలికి వచ్చుచున్న ఒక దళిత యువకుని వెనుకనుండి వచ్చినవాడొకడు వేటకత్తితో నరికెను. నరికినవాడు బీహారునుండి వచ్చినవాడు. ఆ యువకునితో వానికి మాట లేదు, తగవు లేదు. కులము కాదని ప్రేమించి పెండ్లాడిన కూతురిపై కోపము ఆమె తండ్రిది. ఒప్పందము కోటిరూపాయలని పోలీసులు చెప్పిరి. కోటిరూపాయలు! ఆ ధనముతో ఆ తండ్రి పుట్టబోవు మనుమనికి ఎన్ని ఊయలలు చేయించగలిగెడివాడు! ఆ దృశ్యమును ఆసుపత్రి కెమెరా చూచినది, తరువాత రాష్ట్రమంతయు చూచినది. ఆ తండ్రి కేసు తేలకముందే 2020లో తనంతట తాను ప్రాణము తీసికొనెను. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు నరికినవానికి మరణశిక్షయు, మిగిలిన ఆరుగురికి యావజ్జీవశిక్షయు విధించెను. ఆ కోపము వయస్సు ఆ తండ్రి వయస్సు కాదు. దానికి వందల ఏండ్లు. బీహారునుండి వచ్చినవాడు ఆ వందల ఏండ్ల కోపమును ఒక దినమునకు అద్దెకు మోసెను.

చట్టము ఈ దొంగాటను చాలకాలముగా ఎరుగును. 1860 నాటి శిక్షాస్మృతిలోనే, ప్రేరేపించినవానికిని ప్రేరేపణ ఫలించినప్పుడు చేసినవానితో సమానమైన శిక్ష యుండెను. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత వ్యవస్థీకృత నేరములను చెప్పుచోట కిరాయి హత్యను పేరుపెట్టి పేర్కొన్నది. బ్రూక్లిన్‌లో కూడ పగయున్నవాడు కడకు తప్పించుకొనలేదు. లెప్కె బుకాల్టర్ అను ముఠానాయకుడు తాను పొట్టకొట్టిన రోజెన్ అను చిన్న వర్తకుడు తన గుట్టు చెప్పునేమోనను భయముతో 1936లో ఆతనిని అతని మిఠాయి కొట్టులోనే చంపించెను. తాను తుపాకి పట్టలేదు. ఐనను 1944 మార్చి 4వ తేదీన విద్యుత్కుర్చీలో కూర్చుండక తప్పలేదు. ఇక రెలిస్, 1941 నవంబరులో, పోలీసుల కాపలాలోనే, సముద్రతీరపు హోటలు కిటికీనుండి క్రిందపడి మరణించెను. పడినాడో, పడద్రోసిరో, నేటికిని వాదములు తెగలేదు. పడద్రోసినదే నిజమైనచో, ఆ చేతులకును రెలిస్‌పై సొంత పగ ఉండి యుండదు.

నాకు మిగిలిన కొన్ని నిమిషములలో నేను చూచినదొకటి చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట ఒక ఊరి సెషన్సు కోర్టులో వేరొక పనిమీద కూర్చుండియుంటిని. ఊరిపేరు చెప్పను. పొలము తగవులో అన్న తమ్ముని చంపించిన కేసు నడచుచుండెను. బోనులో ముగ్గురు. వారిలో నరికినవాడు ఇరువదియారేండ్లవాడు. నూనె పెట్టి దువ్విన తల, ఉతికిన తెల్లచొక్కా, కాలరు క్రింద చిన్న తాయెత్తు. బస్సులో మన ప్రక్కన కూర్చుండినచో కొంచెము జరిగి చోటిచ్చునట్లు కనబడెడివాడు. వాయిదా వాయిదాకును చనిపోయినవాని తల్లి వచ్చెడిదని ప్లీడరు గుమాస్తా చెప్పెను. అరువదియేండ్ల ముసలమ్మ. చంపించినవాడును ఆమె కొడుకే. ఒడిలో ఒక గుడ్డసంచి. అందులో చిన్నకొడుకు ఫొటో, పాలిథీన్ కాగితములో చుట్టినది.

ఆ దినము జడ్జీగారు లోపలికి పోయినప్పుడు ఆమె లేచెను. పెద్దకొడుకువంక చూడలేదు. నెమ్మదిగా నడిచి తెల్లచొక్కావానియెదుట నిలుచుండెను. కానిస్టేబులు అడ్డుచెప్పబోయి ఊరకుండెను. ఆమె ఏడువలేదు, తిట్టలేదు. పాలిథీను విప్పి, ఫొటోను కొంగుతో ఒకసారి తుడిచి, వాని కన్నులకు ఎదురుగా పట్టుకొని, "నాయనా, ఒక్కసారి చూడయ్యా. వీడే. వీడి పేరు నీకు తెలుసా?" అని అడిగెను.

వాడు పైనున్న ఫానువంక చూచెను. ఆమె కొంచెము ప్రక్కకు జరిగెను. వాడు కిటికీవంక చూచెను. ఆమె అటువైపు జరిగెను. ముసలి చేయి పైకెత్తి యుంచుటచే ఫొటో ఊగుచుండెను. బెంచిమీద మేమెవ్వరమును కదలలేదు. కడకు వాడు కన్నులు గట్టిగా మూసికొనెను. ఆమె ఫొటోను దించలేదు. జడ్జీగారు మరల వచ్చి కూర్చుండువరకు అట్లే నిలుచుండెను.